దేవుని యెదుట చింతను దాచవచ్చునా?

తెలుగు సంఘములలో ప్రార్థనకు ఒక మర్యాద యేర్పడియున్నది. స్తుతితో ఆరంభింపవలెను, కృతజ్ఞతతో కొనసాగవలెను, మనవి చెప్పవలసివచ్చినప్పుడు అది అప్పటికే సగము నెరవేరినట్లు చెప్పవలెను. గృహకూటములో పెద్దకుమార్తెకు సంబంధము కుదరక లోలోపల కుములుచున్న తండ్రి యుండును. పంట పోయి, వడ్డీ పెరిగి, రాత్రులు కన్ను మూయని రైతు ఉండును. గల్ఫు దేశమునకు పనికి వెళ్లిన కుమారునియొద్దనుండి మూడు నెలలుగా ఏ కబురును లేని తల్లి యుండును. ముగ్గురును మోకాళ్లూని, దేవుని కృపవలన అందరమును క్షేమముగా ఉన్నామని చెప్పి, ఆమేన్ అందురు. ఇంటికి పోవు త్రోవలో మాత్రము ఒకరితో ఒకరు నిజము చెప్పుకొందురు. సర్వము ఎరిగిన దేవునికి చెప్పని నిజము పొరుగింటివారికి చెప్పబడుచున్నది. ఈ అలవాటు భక్తియా, అసత్యమా అనునది విచారింపదగిన ప్రశ్న.

దీనిని సమర్థించువారి కారణము త్రోసివేయదగినది కాదు. కొండమీది ప్రసంగములో ప్రభువు చింతను నిషేధించెను. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయములో పౌలు ఏ విషయములోను చింత కూడదనెను. నిషేధింపబడినదానిని చేతపట్టుకొని కృపాసనమునొద్దకు వెళ్లుట యెట్లు? మొదట చింతను విడిచి, పిమ్మట ప్రార్థింపవలదా? ఇది వారి వాదము. ఈ వాదమునకు లోబడిన విశ్వాసికి చింతలు రెండగుచున్నవి. మొదటిది కుమారునిగూర్చినది, రెండవది, తాను చింతించుచున్నందున తన విశ్వాసము నకిలీదేమో అనునది. చితకును చింతకును నడుమ ఒక్క సున్నయే భేదమని లోకులందురు. ఆ రెంటిలో రెండవ చింతయే ఎక్కువగా కాల్చును. ఏలయనగా మొదటిది మనుష్యుని దేవునియొద్దకు తరుమును. రెండవది ఆదామువలె చెట్లచాటున దాగజేయును.

అయితే పౌలు ఆ మాటను ఏ స్థితిలోనుండి వ్రాసెనో చూడవలెను. అతడు సంకెళ్లలో ఉండెను. తనకు తోడుగా వచ్చిన ఎపఫ్రొదితు రోగియై చావునకు సిద్ధమైయుండెను. ఆ రోగి బ్రదుకకపోయినయెడల తనకు ఒక దుఃఖముమీద మరియొకటి వచ్చిపడెడిదని పౌలు అదే పత్రికలో దాచక ఒప్పుకొనెను. అతనిని తిరిగి పంపుటవలన తన మనోవ్యథ కొంత తగ్గుననియు వ్రాసెను. ఇంకొక సంగతి అనువాదకులకు తప్ప ఇతరులకు త్వరగా కనబడదు. ఈ పత్రిక 2వ అధ్యాయములో తిమోతిని పొగడుచు, ఫిలిప్పీయుల క్షేమమునుగూర్చి నిజముగా చింతించువాడు అతనివంటివాడు మరియొకడు లేడని పౌలు చెప్పుచున్నాడు. 4వ అధ్యాయములో నిషేధించిన గ్రీకు క్రియాపదము, 'మెరిమ్నావో' అనునది, ఇచ్చట ప్రశంసగా వచ్చుచున్నది. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయములో తాను పడిన దెబ్బలను, ఓడ బద్దలగుటను, ఆకలిదప్పులను లెక్కించి, చివరకు సంఘములన్నిటినిగూర్చి దినదినము తనమీద పడు భారమును చెప్పినప్పుడును ఆ మూలపదమునే వాడెను. ప్రేమించువాడు చింతింపకుండుట సాధ్యము కాదని పౌలునకు తెలియును. ఆయన నిషేధవాక్యము మధ్యలో ఆగలేదు. 'గాని' అను ఒక చిన్న పదముచేత మలుపు తిరిగి, విన్నపములను దేవునికి తెలియజేయవలెనని ముగియుచున్నది. చింత పోయిన తరువాత ప్రార్థింపుమని ఆయన చెప్పియుండినయెడల ఆ పత్రిక ఆయనకే శిక్షావిధి అయియుండెడిది.

పేతురు మాట ఇంకను తేటగా నున్నది. మొదటి పత్రిక 5వ అధ్యాయములో, దేవుని చేతిక్రింద దీనులై యుండవలెననునది 6వ వచనము. చింతనంతయు ఆయనమీద వేయవలెననునది 7వ వచనము. తెలుగు పరిశుద్ధ గ్రంథములో ఇవి రెండు వేర్వేరు ఆజ్ఞలుగా వినబడును. గ్రీకులో ఆజ్ఞ ఒక్కటే, దీనులై యుండుడి అనునది. చింతను వేయుట దానికి తగిలియున్న అసమాపక క్రియ. అనగా, చింతను ఆయనమీద వేయుచు దీనులై యుండుడి అని భావము. ఈ చిన్న వ్యాకరణ విషయములో ఒక గొప్ప నీతిబోధ దాగియున్నది. చింతను దాచి, ధైర్యముగల ముఖముతో దేవుని యెదుట నిలుచుట వినయమని అనేకులు తలంచుచున్నారు. పేతురు లెక్కప్రకారము అది గర్వము. భారమును తానే మోయగలనని చెప్పుట అది. 'వేయుట' అని చెప్పబడిన గ్రీకు పదము క్రొత్తనిబంధనలో మరియొక్క చోటనే కనబడును. ప్రభువు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు తమ బట్టలను గాడిదపిల్లమీద వేసిరని లూకా చెప్పినచోట. మడతలు సరిచేసి, మురికి దులిపి వేసిరని అచ్చట వ్రాయబడలేదు.

ఆ వచనమందే తెలుగు అనువాదకులు చేసిన పని ఒకటి గమనింపదగినది. మనుష్యుని చింతకు గ్రీకులో ఒక పదము, దేవుని శ్రద్ధకు వేరొక పదము కలదు. తెలుగులో రెంటికిని చింత అను మాటయే వాడబడినది. మనుష్యుడు చింతించును, దేవుడును చింతించును. ఖండితమైన పండితుడు దీనిని లోపమని యెంచవచ్చును. దేవునికి మనుష్యునివలె నిద్ర పట్టని రాత్రులు లేవు గదా. అయినను తెలుగు చదువరికి ఇందువలన నష్టముకంటె లాభమే ఎక్కువ. ఏలయనగా గలిలయ సముద్రముమీద తుపాను వచ్చినప్పుడు, నిద్రించుచున్న బోధకుని లేపి శిష్యులు వేసిన ప్రశ్నలో దేవునిగూర్చి పేతురు వాడిన ఆ గ్రీకు పదమే ఉన్నది. తాము నశించుచుండగా ఆయనకు పట్టదా అని వారడిగిరి. ఆ పడవలో పేతురును ఉండెననుకొనుట సహజము. నాడు గాలిలో, భయముతో, ఇంచుమించు నిందగా అడిగిన ప్రశ్నకు ఆ పత్రికలో జవాబు దొరకుచున్నది: ఆయనకు పట్టును. మార్కు చెప్పిన వరుసలో ప్రభువు మొదట గాలిని గద్దించి, ఆ తరువాతనే శిష్యుల విశ్వాసమునుగూర్చి ప్రశ్నించెననుట మరువరాదు. అమర్యాదగా అడిగినారని ఆయన తుపానును కొనసాగనియ్యలేదు.

పాతనిబంధనలో ఈ విషయమునకు హన్నా చరిత్రను మించిన పాఠము లేదు. మొదటి సమూయేలు గ్రంథము ఆరంభమున అది యున్నది. ఏటేట షిలోహునకు పోవు కుటుంబము అది. పండుగ దినమే ఆమెకు నరకము. సవతియైన పెనిన్నా ఆమెను విసికించుటకు ఆ దినమునే ఎంచుకొనెడిది. భర్త ఎల్కానా మంచివాడు. తాను పదిమంది కుమాళ్లకంటె ఆమెకు ఎక్కువ కానా అని అడిగెను. ప్రేమతో అడిగిన ప్రశ్నయే. అయితే అది ఆమె దుఃఖమును వినుటకు కాక, ఆపుటకు అడిగినది. హన్నా అతనికి జవాబిచ్చినట్లు వ్రాయబడలేదు. ఆమె లేచి మందిరమునకు పోయెను. అచ్చట ఏడ్చెను, మ్రొక్కుకొనెను, పెదవులు మాత్రము కదలుచుండెను. యాజకుడైన ఏలీ ద్వారబంధమునొద్ద కూర్చుండి ఆ పెదవులను చూచి, ఆమె త్రాగి మత్తురాలైనదని తలంచెను. దేవుని మందిరమున దీర్ఘకాలము సేవచేసిన పెద్ద, యథార్థమైన ప్రార్థన కన్నులయెదుట జరుగుచుండగా దానిని గుర్తెరుగలేకపోయెను. షిలోహులో అట్టి ప్రార్థన ఎంత అరుదైపోయెనో దీనివలన ఊహింపవచ్చును.

హన్నా అతనికిచ్చిన ఉత్తరములో ఒక హెబ్రీ పదము కలదు, 'సీయహ్' అనునది. తాను ద్రాక్షారసము పానము చేయలేదనియు, తన ప్రాణమును యెహోవా సన్నిధిని కుమ్మరించుచున్నదనియు, తన సీయహ్ అధికమైనందున ఇంతసేపు పలికితిననియు ఆమె చెప్పెను. ఈ పదమునకు రెండు ముఖములు కలవు. 104వ కీర్తన చివర భక్తుడు దేవునికి ఇంపుగా ఉండవలెనని కోరిన ధ్యానమునకు ఇదే పదము. 142వ కీర్తనలో దేవుని సన్నిధిని కుమ్మరింపబడిన మొఱ్ఱకును ఇదే పదము. 102వ కీర్తన పైనున్న శీర్షికలో దుఃఖించువాడు ప్రాణము సొమ్మసిల్లినప్పుడు కుమ్మరించునదియు ఇదియే. అనువాదకుడు ఒకచోట ధ్యానమనియు, మరియొకచోట మొఱ్ఱ యనియు వ్రాయక తప్పదు. అయితే హెబ్రీయుని చెవికి అవి రెండు వేర్వేరు లోకములు కావు. మనస్సు ఒకే సంగతిచుట్టు మరల మరల తిరుగుటయే సీయహ్. అది దేవుని కార్యములచుట్టు తిరిగినప్పుడు ధ్యానము, గాయముచుట్టు తిరిగినప్పుడు మొఱ్ఱ. ఆశ్చర్యమేమనగా తెలుగు ఈ విషయములో హెబ్రీకి చాల దగ్గరగా నున్నది. చింతన, చింత అను రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. చింతించుట తెలిసినవానికి ధ్యానించుట సగము తెలిసినట్లే. తిరుగవలసిన దిక్కు మాత్రమే మారవలెను.

ఏలీ తన పొరపాటు తెలిసికొని, సమాధానముగా వెళ్లుమనెను. ఆమె ఏమి అడిగెనో అతనికి తెలియదు. ఆమె వెళ్లి భోజనము చేసెను, ఆ తరువాత ఆమె ముఖము మునుపటివలె చిన్నబోలేదు. అప్పటికి గర్భము లేదు, వాగ్దానపు సూచన లేదు, పెనిన్నా నోరు మూతపడలేదు. కోరినది దొరకకమునుపే ఆమెకు ఆకలి వేసెను. ప్రార్థనకు ఫలితము కుమారుడొక్కడే యని లెక్కించువారు ఆ భోజనమును లెక్కలోనికి తీసికొనరు.

ఇచ్చట తత్త్వవిచారణ చేయువారు ఒక ప్రశ్న వేయుదురు. దేవుడు సర్వజ్ఞుడైతే ఆయనకు చెప్పుట ఎందుకు? అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని తెలుగు సామెత. సామెత తల్లులయెడల నిజమైనను దేవునియెడల నిజము కాదు; అడుగకమునుపే మీ అక్కర తండ్రికి తెలియునని ప్రభువే చెప్పెను. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 410లో గోతుల చేత రోమాపట్టణము కొల్లగొట్టబడిన పిమ్మట ఆఫ్రికాకు వచ్చి చేరినవారిలో ప్రోబ అను సంపన్న విధవరాలు ఉండెను. ఎట్లు ప్రార్థింపవలెనని ఆమె అడుగగా, 412 ప్రాంతమున అగస్టీను ఆమెకొక దీర్ఘమైన పత్రిక వ్రాసెను. దేవునికి సమాచారము నందించుటకు ప్రార్థన అవసరము లేదని ఆయన ఒప్పుకొనుచున్నాడు. దేవుడు ఇయ్యగోరునది గొప్పది, దానిని పుచ్చుకొను మనుష్యుని హృదయము ఇరుకైనది. అడుగుటవలన కోరిక పెరిగి ఆ పాత్ర విశాలమగునని ఆయన బోధ.

ఈ జవాబు గొప్పదే, అయినను సంపూర్ణము కాదు. కోరికనుగూర్చి అది చెప్పునంతగా భయమునుగూర్చి చెప్పదు. తన తల్లికి జ్వరము సంగతి తెలిసినను పిల్లవాడు తలనొప్పి యని చెప్పును; చెప్పినప్పుడు తల్లికి క్రొత్త సంగతి తెలియదు గాని పిల్లవాడు ఒంటరితనమునుండి బయటపడును. ఏదెనులో ఆదాము ఎక్కడ నుండెనో దేవునికి తెలియకపోలేదు, అయినను ఎక్కడనున్నావని అడిగెను. యెరికోలో బర్తిమయి గ్రుడ్డివాడని కన్నులున్నవారందరికిని తెలియును, అయినను తన వలన ఏమి కోరుచున్నావని ప్రభువు అతని నడిగెను. దేవుడు మనుష్యునిగూర్చి తెలిసికొనుటతో తృప్తిచెందక, మనుష్యుని నోట వినగోరుచున్నాడు. సర్వజ్ఞత్వము దేవుని లక్షణము. వినుట ఆయన ప్రేమ.

అట్లయిన సణుగుటకును మొఱ్ఱపెట్టుటకును భేదమేమి? అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగి శిక్షింపబడిరి గదా. సంఖ్యాకాండము 11వ అధ్యాయము ఈ రెంటిని ప్రక్కప్రక్కనే చూపుచున్నది. జనులు ఐగుప్తులోని చేపలను, దోసకాయలను, ఉల్లిపాయలను తలంచుకొని తమ తమ గుడారముల ద్వారములయందు ఏడ్చిరి. దేవుని కోపము రగులుకొనెను. ఆ ఘడియలోనే మోషే దేవునితో మాటలాడెను. అతని మాటలు జనుల మాటలకంటె మృదువైనవి కావు. ఈ జనమును తాను గర్భము ధరించి కంటినా అని అడిగెను, తనకీ దురవస్థ కలుగుటకంటె తనను చంపివేయుట మేలనెను. దీనికి దేవుడు కోపగింపక, డెబ్బదిమంది పెద్దలను భారములో పాలివారినిగా నియమించెను. మాటల కాఠిన్యములో భేదము లేదు. జనులు దేవునిగూర్చి పలికిరి, మోషే దేవునితో పలికెను. గుడారపు ద్వారమున ఏడ్చినవారికిని సన్నిధిలో ఏడ్చినవానికిని మధ్య ఉన్న దూరము కొన్ని అడుగులే, కాని ఆ అడుగులే విశ్వాసము. ఇంటికి పోవు త్రోవలో నిజము చెప్పుకొనువారు ఈ అధ్యాయమును ఒకసారి నెమ్మదిగా చదువుట మంచిది.

యోబు గ్రంథము ఇంతకంటె ఒక అడుగు ముందునకు పోవుచున్నది. స్నేహితులు దేవుని పక్షమున వాదించిరి. వారి మాటలలో అనేకము నేటికిని ప్రసంగములలో వాడదగినంత చక్కనివి. యోబు వారినొక పదునైన ప్రశ్న అడిగెను: దేవుని పక్షముగా అబద్ధములాడుదురా? (13:7). చివరకు దేవుడు ఎలీఫజుతో, తన సేవకుడైన యోబు పలికినట్లు వారు తన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదని తీర్పు చెప్పెను. యోబు పలికిన ప్రతి మాటయు సరియైనదని కాదు. సుడిగాలిలోనుండి దేవుడు అతనిని గద్దించెను, అతడు నోటిమీద చెయ్యి వేసికొనెను. అయినను గద్దింపబడినవాడే స్నేహితులకొరకు విజ్ఞాపన చేయువాడుగా నియమింపబడెను. దేవుని ఘనతను కాపాడుటకై అసత్యము పలుకుట ఆయనకు సేవ కాదని దీనికంటె స్పష్టముగా చెప్పు గ్రంథము లేదు. బాధ లేదని చెప్పుచు బాధపడువాని ప్రార్థన ఈ కోవలోనిదే.

సుఖదుఃఖములయందు చలింపనివాడు ఉత్తముడని భారతదేశము తరతరములుగా నేర్చుకొన్నది. గీతలోని స్థితప్రజ్ఞుడు అట్టివాడు. గ్రీసు రోమాలలో స్తోయికుల జ్ఞానియు ఇంచుమించు అట్టివాడే. ఈ ఆదర్శమును తేలికగా తీసివేయుట తగదు; అనేకులు దానివలన గొప్ప ఓర్పు నేర్చుకొనిరి. అయితే తెలుగు క్రైస్తవులలో కొందరు తెలియకయే ఈ ఆదర్శమునకు విశ్వాసమను పేరు పెట్టియున్నారు. గెత్సేమనేలో కనబడునది వేరు. అచ్చట ప్రభువు విభ్రాంతి నొంది చింతాక్రాంతుడాయెనని మార్కు సాక్ష్యము. ఆయన నేలమీద పడెను, తనతో మెలకువగా ఉండుమని ముగ్గురు స్నేహితులను బతిమాలెను, ఆ మాటలే మరల చెప్పుచు ప్రార్థించెను. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక మహారోదనమును, కన్నీళ్లను జ్ఞాపకము చేయుచున్నది. తండ్రి చిత్తమునకు లోబడుట ఆ ప్రార్థనలో ఉన్నది గాని, ఆ లోబడుట గిన్నె తొలగవలెనను మనవికి తరువాత వచ్చినది. మొదటిదానిని పలుకక రెండవదానిని మాత్రము పలుకువారు ప్రభువుకంటె భక్తిపరులగుటకు ప్రయత్నించుచున్నారు.

ఇరువదియవ శతాబ్దములో దీనికొక సాక్షి కలడు. జర్మను వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్ 1940లో కీర్తనలను బైబిలులోని ప్రార్థనాగ్రంథముగా వివరించు చిన్న పుస్తకము ప్రచురించెను. 1943 ఏప్రిల్ 5న బంధింపబడి బెర్లినులోని టేగెలు చెరసాలలో నుంచబడెను. ఆ యేటి క్రిస్మసుకు తోడి ఖైదీలకొరకు ప్రార్థనలు వ్రాసెను. తనలోని చీకటిని, ఒంటరితనమును, అధైర్యమును ఒక్కొక్కటిగా ఒప్పుకొనుచు, ప్రతిదానికి ఎదురుగా దేవునియొద్ద ఉన్నదానిని నిలిపిన ప్రార్థన వాటిలో కలదు. 1944 జూలైలో స్నేహితునికి పంపిన 'నేనెవడను' అను పద్యము ఇంకను లోతైనది. కావలివారు అతనిని నిబ్బరముగల ప్రభువర్గీయునివలె చూచుచుండిరి. లోపల అతడు పంజరములోని పక్షివలె అల్లాడుచుండెను. ఈ ఇద్దరిలో తాను ఎవడు? ఒకటి నిజము, రెండవది నటన యని అతడు తేల్చలేదు. తానెవడైనను దేవుని వాడనని ఆయనకే విడిచిపెట్టెను. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బ్యూర్గులో అతడు ఉరితీయబడెను. మనుష్యుల యెదుట నిబ్బరము చూపుట కొన్ని వేళల ప్రేమధర్మమగును. తోడి ఖైదీలకు అతని నెమ్మది అవసరమైయుండెను. ఆ ముఖముతోనే దేవుని యెదుటికి పోవుటకు మాత్రము అతడు ఒప్పుకొనలేదు.

ఇట్లు చెప్పిన చింతకు ఏమి వాగ్దానము చేయబడినది? ఇచ్చట జాగ్రత్త అవసరము. అడిగినది దొరకునని పౌలు ఆ వచనములో చెప్పలేదు. దేవుని సమాధానము హృదయములకు కావలియుండుననెను. అది సైనికుల పదము, పట్టణమునకు కాపలాదండు నిలుచుటకు వాడబడునది. రోమా సైనికులు స్థిరపడిన ఫిలిప్పీలో దాని అర్థము ఎవరికిని విప్పిచెప్పనక్కరలేదు. కాపలా అవసరమగుట శత్రువు ఇంకను వెలుపల ఉండుటచేతనే. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును రెండుసార్లు ఇచ్చెను. చింత రోగముగా మారి నిద్రను, ఆకలిని, బుద్ధిని తినివేయునప్పుడు వైద్యుని ఆశ్రయించుట అవిశ్వాసమని బోధించువారు ఆ రొట్టెను మరచిరి. మోషేకు ఇయ్యబడిన జవాబు డెబ్బదిమంది మనుష్యులు. గల్ఫులోనున్న కుమారునిగూర్చి ఒక తల్లి కూటములో నోరు తెరచి నిజము చెప్పినయెడల, ఎంబసీకి అర్జీ వ్రాయగలవాడు, ఆ దేశమున బంధువులుగలవాడు ఆ గదిలోనే మోకాళ్లూని యుండవచ్చును. క్షేమముగా ఉన్నామని ఆమె చెప్పినంతకాలము వారును స్తోత్రమనియే పలుకుదురు.

అయితే జవాబు వినబడని ప్రార్థనలును కలవు. 150 కీర్తనలలో మూడవ వంతుకు మించి విలాపములే. వాటిలో చాలవరకు చివరకు స్తుతివైపు తిరుగును. 13వ కీర్తన ఎంతకాలమని నాలుగుమారులు అడిగి, ఆరు వచనములలోనే పాటతో ముగియును. 88వ కీర్తన అట్లు తిరుగదు. రాత్రింబగళ్లు మొఱ్ఱపెట్టినవాడు, స్నేహితులు దూరమైనవాడు, దేవుడు ముఖము ఎందుకు దాచుకొనెనని అడిగినవాడు ఏ ఉత్తరమును పొందకయే ముగించుచున్నాడు. హెబ్రీలో దాని చివరిమాట చీకటి. ఆరాధనలో ఈ కీర్తన చదువబడుట బహు అరుదు, ప్రసంగాంశమగుట ఇంకను అరుదు. దాని శీర్షిక మాత్రము ప్రతి గ్రంథములోను ఉన్నది. అది కోరహు కుమారుల కీర్తన యనియు, ఎజ్రాహీయుడైన హేమాను రచించినదనియు, ప్రధానగాయకునికి అప్పగింపబడినదనియు అందు వ్రాయబడినది. అనగా ఆ చీకటిలో పలికిన మాటలను ఎవరో భద్రపరచి, రాగము కట్టి, మందిరపు గాయకులకు నేర్పించిరి. ఆ దినమున ఏ చింతయు లేని గాయకులును వారిలో ఉండియుందురు. వారును నిలిచి, చివరిమాటవరకు దానిని పాడిరి.